తప్పులు పట్టే పనిముట్టుకే పరీక్ష

2003 ఆగస్టు 14 మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాలకు, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో అలారాలు మోగించే సాఫ్ట్‌వేర్ చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. ఆగిపోయిందన్న సంగతే ఆపరేటర్లకు గంటకు పైగా తెలియలేదు. బయట చెట్లు తగిలి హైటెన్షన్ లైన్లు ఒకదాని వెనక ఒకటి ట్రిప్ అవుతున్నా లోపల ఒక్క హెచ్చరికా రాలేదు. సాయంత్రం నాలుగుంబావు అయ్యేసరికి అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ, కెనడాలోని ఒంటారియోలోనూ కలిపి సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది.

ఆ చీకటికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో అలారం సాఫ్ట్‌వేర్‌లోని లోపం ఒకటి. ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే రెండు పనులు ఒకే సమాచారాన్ని ఒకే క్షణంలో మార్చబోయాయి. దీన్ని ప్రోగ్రామర్లు రేస్ కండిషన్ అంటారు. తయారీదారులు తర్వాత చెప్పిన లెక్క ప్రకారం ఆ సాఫ్ట్‌వేర్ అంతకుముందు 30 లక్షల గంటలకు పైగా నడిచింది. అన్ని గంటల్లో ఆ లోపం ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. దాన్ని పట్టుకోవడానికి దాదాపు ఎనిమిది వారాలు పట్టింది. పట్టుకున్న తీరు మాత్రం మనసులో పెట్టుకోదగ్గది. ఇంజినీర్లు కోడ్‌లో అక్కడక్కడ కావాలనే ఆలస్యాలు చొప్పించారు, ఆ నెమ్మది నడకలో ఉన్న ప్రోగ్రాముకు అలారాలు పంపి చూశారు. మిల్లీసెకన్లలో జరిగి ముగిసిపోయే ఘటనను అలా సాగదీసి, కంటికి ఆనేలా చేశారు.

ఇలాంటి తప్పుల వేటలో ప్రోగ్రామర్ ఎక్కువగా నమ్ముకునే పనిముట్టు డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రామును కోరిన వరుస దగ్గర ఆపడం, ఆ క్షణాన ఏ విలువ ఎంత ఉందో చూపడం, అక్కడి నుంచి ఒక్కో అడుగు వేయించడం దాని పని. అదీ మనుషులు రాసిన ప్రోగ్రామే, కాబట్టి దానిలోనూ తప్పులుంటాయి. అయితే డీబగ్గర్ తప్పు చేస్తే జరిగే నష్టం వేరే రకం. "ఈ ఫంక్షన్ దగ్గరికి ఎవరూ రాలేదు" అని అది చెబితే ప్రోగ్రామర్ నమ్ముతాడు. తన కోడ్‌లో లేని తప్పు కోసం రోజుల తరబడి వెతుకుతాడు, ఉన్న తప్పును వదిలేస్తాడు. అందువల్ల డీబగ్గర్‌ను పరీక్షించే పని మామూలు నాణ్యత తనిఖీ కంటే పెద్దదని నా అభిప్రాయం. ఆ పరీక్షను యంత్రమే రోజూ చేసుకుంటూ పోవాలంటే, అందులోనూ బహుళ థ్రెడ్ల ప్రోగ్రాముల మీద చేయాలంటే, ఎంత ఆలోచన కావాలో చెప్పడానికి జీడీబీ అనే డీబగ్గర్ కంటే మంచి ఉదాహరణ లేదు.

జీడీబీని రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాశారు. అప్పట్లో ఒక ప్రోగ్రాము అంటే ఒకే నడక, ఒక సూచన తర్వాత మరొకటి. 1995లో యూనిక్స్ తరహా వ్యవస్థల కోసం పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దంలో ఒకే చిప్పులో రెండు, నాలుగు కోర్లున్న ప్రాసెసర్లు మామూలు కంప్యూటర్లలోకి వచ్చేశాయి. ఇప్పుడు ఫోనులో తెరిచిన చిన్న ఆప్ కూడా పదుల కొద్దీ థ్రెడ్లతో నడుస్తుంది. ఒకే ప్రోగ్రాములో, ఒకే మెమరీని పంచుకుంటూ, ఒక్కొక్కటీ తన దారిన నడిచే పనులే ఈ థ్రెడ్లు.

వీటితో వచ్చే చిక్కు ఎంతటిదో చిన్న లెక్క చెబుతుంది. ఒక కౌంటర్ ఉంది, విలువ సున్నా. రెండు థ్రెడ్లు దాన్ని చెరో ఒకటి పెంచాలి. పెంచడమంటే ప్రాసెసర్‌కు మూడు అడుగులు: విలువ చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం. ఇద్దరివీ కలిపి ఆరు అడుగులు. ఎవరి వరుస వారు తప్పకుండా ఈ ఆరు అడుగులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయే క్రమాలు 20 ఉన్నాయి. వాటిలో జవాబు 2 వచ్చేవి రెండే. ఒక థ్రెడ్ పూర్తిగా ముగిశాక రెండోది మొదలైతేనే లెక్క సరిపోతుంది. మిగతా 18 క్రమాల్లో ఒక పెంపు గాలికి పోతుంది. చెరో పది అడుగులు వేసే రెండు థ్రెడ్లయితే క్రమాల సంఖ్య 1,84,756. చెరో ఇరవై అడుగులైతే 13,784 కోట్లు దాటుతుంది. నిజమైన ప్రోగ్రాములో అడుగులు కోట్లలో ఉంటాయి. అన్ని క్రమాలనూ వరసపెట్టి నడిపి చూసే మార్గం లేదు. మామూలుగా నడిపినప్పుడు ఈ క్రమాలన్నీ సమానంగా తారసపడవు కూడా. కొన్ని పదేపదే వస్తాయి, కొన్ని 30 లక్షల గంటలకొకసారి వస్తాయి.

ఇక ఇలాంటి ప్రోగ్రాములోకి డీబగ్గర్ వేలు పెట్టినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్లలో బ్రేక్‌పాయింట్ పెట్టడమంటే మెమరీలో ఒక బైటు మార్చడం. ఆపదలచిన చోటున్న సూచనలోని మొదటి బైటును డీబగ్గర్ దాచిపెట్టుకుని, దాని స్థానంలో 204 అనే విలువ రాస్తుంది. ప్రాసెసర్ ఆ బైటును అమలు చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ ఆ థ్రెడ్‌ను ఆపి డీబగ్గర్‌కు కబురు పంపుతుంది. ఆగేటప్పటికి ప్రాసెసర్ ఆ ఒక్క బైటు దాటి ఉంటుంది కాబట్టి డీబగ్గర్ దాన్ని ఒక బైటు వెనక్కి జరపాలి. మళ్ళీ ముందుకు నడపాలంటే దాచిన బైటును తిరిగి పెట్టి, ఆ ఒక్క సూచననూ అమలు చేయించి, ఆ వెంటనే 204ను మళ్ళీ రాయాలి.

ఒకే థ్రెడ్ ఉన్నంతకాలం ఇందులో లోటు లేదు. థ్రెడ్లన్నీ మెమరీని పంచుకుంటాయన్న సంగతి ఇక్కడే కాలికి అడ్డం పడుతుంది. అసలు బైటు తిరిగి చేరిన ఆ రెప్పపాటులో మరో థ్రెడ్ అదే చోటికి వస్తే, అక్కడ 204 లేదు కనుక ఆగకుండా దాటిపోతుంది. డీబగ్గర్ ఏమీ చూడలేదు. ఆ థ్రెడ్ అసలు అటువైపు రాలేదనే ప్రోగ్రామర్ అనుకుంటాడు. డీబగ్గర్ చెప్పే అబద్ధాల్లో ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఎందుకంటే తెర మీద తప్పు కనిపించదు, కనిపించవలసినది కనిపించకుండా పోతుంది.

దీనికి మొదటి మందు, ఆ ఒక్క అడుగు వేయించే సేపు మిగతా థ్రెడ్లన్నిటినీ ఆపి ఉంచడం. మందు పనిచేస్తుంది, కానీ మరో రోగం తెస్తుంది. ఆ అడుగు మరో థ్రెడ్ విడిచిపెట్టవలసిన తాళం కోసం కెర్నల్‌లో ఎదురుచూసేదైతే, ఆ మరో థ్రెడ్ మనమే ఆపి ఉంచాం కాబట్టి ఎవరూ కదలరు. రెండో మార్గం, ఆ సూచనను వేరే చోటికి కాపీ చేసి అక్కడ అమలు చేయించడం. అసలు చోట 204 అలాగే ఉంటుంది, ఎవరూ తప్పించుకోలేరు. అయితే 'నేనున్న చోటి నుంచి ఇంత దూరంలో' అని లెక్కపెట్టే సూచనలు చోటు మారగానే తప్పు చిరునామా చూస్తాయి. వాటిని గుర్తించి సవరించాలి. 2009లో వచ్చిన జీడీబీ 7.0లో ఒక థ్రెడ్‌ను ఆపి మిగతావాటిని నడవనిచ్చే 'నాన్‌స్టాప్' పద్ధతి ప్రవేశపెట్టారు. దానికి ఈ కాపీ ఉపాయం ఆధారం.

రెండు థ్రెడ్లు ఒకేసారి ఒకే బ్రేక్‌పాయింట్‌ను తాకితే మరో చిక్కు. డీబగ్గర్ ఒకదాని గురించి చెబుతుంది, రెండోదాని కబురు వరుసలో పెట్టుకుంటుంది. ఈలోపు ప్రోగ్రామర్ ఆ బ్రేక్‌పాయింట్‌ను తీసేశాడనుకోండి. మెమరీలో అసలు బైటు తిరిగి వచ్చింది. రెండో థ్రెడ్ మాత్రం ఇంకా ఒక బైటు ముందు నిలబడి ఉంది, అంటే ఒక సూచన నడిమధ్యలో. దాన్ని వెనక్కి జరపడం డీబగ్గర్ మరిచిపోతే, ప్రాసెసర్ సగం సూచనను పూర్తి సూచన అనుకుని అమలు చేస్తుంది. ప్రోగ్రాము కుప్పకూలుతుంది, నేరం ప్రోగ్రాము మీద పడుతుంది. వాచ్‌పాయింట్ల సంగతీ ఇంతే. ఒక విలువ ఎప్పుడు మారుతుందో కనిపెట్టడానికి ఈ ప్రాసెసర్లలో నాలుగు ప్రత్యేక రిజిస్టర్లున్నాయి. అవి ఏ థ్రెడ్‌కు ఆ థ్రెడ్‌వే. కొత్తగా పుట్టిన ప్రతి థ్రెడ్‌లోనూ అది నడక మొదలుపెట్టకముందే వాటిని నింపాలి, లేకపోతే ఆ థ్రెడ్ చేసిన మార్పు ఎవరి కంటా పడదు.

ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రాముకు డీబగ్గర్‌ను తగిలించడం మరో కష్టం. లినక్స్‌లో ప్రతి థ్రెడ్‌నూ విడివిడిగా పట్టుకోవాలి. థ్రెడ్ల జాబితాను కెర్నల్ ఇస్తుంది, కానీ దాన్ని చదువుతూ ఒక్కొక్కదాన్నీ ఆపుతున్న సమయంలోనే, ఇంకా ఆగని థ్రెడ్లు కొత్తవాటిని పుట్టిస్తుంటాయి. పెళ్లి భోజనాల దగ్గర బంతులు లేస్తూ కూర్చుంటూ ఉండగా తలలు లెక్కపెట్టినట్టు ఉంటుంది. జీడీబీ రాసినవారు దీనికి ఎంచుకున్న నియమం నాకు బాగా నచ్చుతుంది: జాబితాను మళ్ళీ మళ్ళీ చదువుతూ పో, వరుసగా రెండుసార్లు కొత్త థ్రెడ్ ఒక్కటీ కనిపించకపోతే అప్పుడు ఆగు. ఒక్కసారి ఖాళీగా కనిపిస్తే చాలదు. ఈ నియమం నిజంగా పనిచేస్తోందా అని చూడటానికి ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంది. అందులోని ప్రోగ్రాముకు ఒకటే పని, పుట్టీ పుట్టగానే ముగిసిపోయే థ్రెడ్లను ఎడతెరిపి లేకుండా సృష్టించడం. డీబగ్గర్ దానికి పదేపదే తగులుకోవాలి, బ్రేక్‌పాయింట్ పెట్టి థ్రెడ్లు అక్కడ ఆగడం చూడాలి, విడిచిపెట్టాలి. మామూలు ప్రోగ్రామర్ ఇంత మొండి ప్రోగ్రాము ఎప్పుడూ రాయడు. పరీక్ష రాసేవాడు రాయాలి.

ఈ పరీక్షలన్నిటినీ నడిపే యంత్రాంగం పేరు డెజాగ్నూ. అది ఎక్స్‌పెక్ట్ అనే పనిముట్టు మీద ఆధారపడింది. ఎక్స్‌పెక్ట్‌ను అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో డాన్ లైబ్స్ 1990లో రాశారు. దానికి అడుగున ఉన్న భాష టీసీఎల్, బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ సృష్టి. ఎక్స్‌పెక్ట్ చేసే పని కీబోర్డు ముందు కూర్చున్న మనిషి చేసే పనే. ఆజ్ఞ టైపు చేస్తుంది, తెర మీదికి వచ్చే అక్షరాలు చదువుతుంది, అనుకున్న జవాబుతో పోల్చి చూస్తుంది. నిర్ణీత సమయంలో, మామూలుగా 10 సెకన్లలో, జవాబు రాకపోతే పరీక్ష పోయినట్టు రాసుకుని ముందుకు సాగుతుంది. ఒక్కో పరీక్షకు సాధారణంగా రెండు ఫైళ్ళుంటాయి, డీబగ్గర్‌కు అప్పగించే చిన్న సీ ప్రోగ్రాము ఒకటి, సంభాషణ నడిపే స్క్రిప్టు మరొకటి. థ్రెడ్లకు సంబంధించినవన్నీ విడిగా ఒక డైరెక్టరీలో ఉంటాయి.

ఇక్కడ మొదటి పాఠం నిద్ర గురించి. రెండో థ్రెడ్ ఫలానా చోటికి చేరాక బ్రేక్‌పాయింట్ పెట్టాలి అనుకుంటే, కొత్తగా పరీక్ష రాసేవారు ప్రోగ్రామును ఒక సెకను నిద్రపుచ్చుతారు. ఒక సెకనులో ఆ థ్రెడ్ చేరకుండా ఎలా ఉంటుందని వారి నమ్మకం. వారి కంప్యూటర్‌లో చేరుతుంది. ఎనిమిది పరీక్షలు సమాంతరంగా నడుస్తూ ప్రాసెసర్ ఊపిరాడక కొట్టుకుంటున్న సర్వరులో చేరదు. సరైన పద్ధతి బ్యారియర్. పోసిక్స్‌లోనే ఉన్న ఈ ఏర్పాటు ప్రకారం, చెప్పిన సంఖ్యలో థ్రెడ్లన్నీ ఆ గడప దగ్గరికి వచ్చేదాకా ఏ ఒక్కటీ ముందుకు కదలదు. అందరూ వచ్చారన్నది ఊహ కాకుండా రుజువు అవుతుంది. జీడీబీ థ్రెడ్ పరీక్షల్లో ఈ బ్యారియర్లు అడుగడుగునా కనిపిస్తాయి. చాలా పరీక్షా ప్రోగ్రాములు మొదట్లోనే తమకు తాము అలారం కూడా పెట్టుకుంటాయి. డీబగ్గర్ కూలిపోయి అవి అనాథలుగా మిగిలితే, కొద్ది నిమిషాల తర్వాత ఆ అలారమే వాటిని ముగిస్తుంది.

ఎల్ఎల్‌విఎం బృందపు డీబగ్గర్ ఎల్ఎల్‌డీబీలో ఇదే ఆలోచనను మరో పక్కకు తీసుకెళ్ళారు. ఒక థ్రెడ్ బ్రేక్‌పాయింట్‌ను తాకుతుంది, మరొకటి వాచ్‌పాయింట్‌ను, ఇంకొకటి సిగ్నల్ పంపుతుంది, నాలుగోది కుప్పకూలుతుంది. వీటిలో ఏ రెండు లేదా మూడు ఒకేసారి జరిగినా డీబగ్గర్ అన్నిటినీ గుర్తించాలి. అందుకోసం ఒక్కో కలయికకూ ఒక్కో పరీక్ష రాసి, ఒకే రకం ఘటన ఏకంగా వంద థ్రెడ్లలో జరిగే పరీక్షలూ చేర్చారు. అక్కడి బ్యారియర్ తీరు వేరు. థ్రెడ్లు నిద్రపోకుండా ఒక సంఖ్య సున్నా అయ్యేదాకా దాన్నే చూస్తూ గిరగిర తిరుగుతుంటాయి. మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఇలా ప్రాసెసర్‌ను వృథా చేయడం తప్పు. పరీక్షలో అదే మేలు, ఎందుకంటే అన్ని థ్రెడ్లూ మెలకువగా ఉండి దాదాపు ఒకే క్షణంలో బయలుదేరుతాయి. ఢీకొనే అవకాశం పెరుగుతుంది.

ఏది ముందు జరుగుతుందో తెలియనప్పుడు సరైన జవాబు ఏమిటని ఎలా రాయాలి? 'మొదట 2వ థ్రెడ్ ఆగాలి, తర్వాత 3వది' అని రాస్తే పరీక్ష సగంసార్లు అన్యాయంగా ఫెయిలవుతుంది. అందువల్ల క్రమం ఏదైనా మారకూడని నిజాన్ని వెతుక్కోవాలి. పది థ్రెడ్లు ఒక ఫంక్షన్‌ను తలో వందసార్లు పిలుస్తాయనుకుందాం. వాటి క్రమం మన చేతిలో లేదు. కానీ బ్రేక్‌పాయింట్ ఎన్నిసార్లు తగిలిందో జీడీబీ స్వయంగా లెక్కపెట్టుకుంటుంది. చివర్లో ఆ లెక్క కచ్చితంగా వెయ్యి ఉండాలి. 999 వచ్చిందంటే ఎవరో కన్నుగప్పి దాటిపోయారు, 1,001 వచ్చిందంటే ఒక ఆగుదలను రెండుసార్లు చెప్పింది. ఇంత చిన్న అంకె ఒక పెద్ద అబద్ధాన్ని బయటపెడుతుంది. పరీక్ష రాసేవారి నేర్పంతా ఇలాంటి అంకెను కనిపెట్టడంలో ఉందని నేననుకుంటాను.

ఇంతవరకు రెండు పక్షాల పోటీయే చూశాం, ప్రోగ్రాము ఒకటి, డీబగ్గర్ ఒకటి. మూడో పక్షం పరీక్షా స్క్రిప్టు. అది కూడా విడి ప్రోగ్రామే, తన వేగంతో తాను నడుస్తుంది. డీబగ్గర్ రాసిన వాక్యం స్క్రిప్టుకు ఒక్క దెబ్బలో చేరవచ్చు, మూడు ముక్కలుగా చేరవచ్చు. 'థ్రెడ్ 1' అన్న మాట కోసం చూస్తున్న స్క్రిప్టుకు 'థ్రెడ్ 12' అనే మాటలో మొదటి ముక్కే అందితే, దొరికిందని సంబరపడి ముందుకు పోతుంది. మిగిలిన అంకె తర్వాతి ప్రశ్నకు జవాబులో ఇరుక్కుంటుంది. అక్కడి నుంచి వచ్చే ప్రతి ఫలితమూ ఒక అడుగు పక్కకు జరిగి ఉంటుంది. ఇలాంటప్పుడు తప్పు డీబగ్గర్‌ది కాదు, పరీక్షది. అదీ రోజూ జరగదు, ముక్కలు అలా పడిన రోజే జరుగుతుంది.

దీనికి జీడీబీ బృందం కనిపెట్టిన ఉపాయం ఈ రంగంలో నాకు తెలిసిన చక్కని ఆలోచనల్లో ఒకటి. దాని పేరు రీడ్‌వన్. అక్షరాలు చదివే వ్యవస్థా ఫంక్షన్ స్థానంలో తమ సొంత ఫంక్షన్‌ను దూరుస్తారు. అడిగింది ఎన్ని బైట్లయినా అది ఒక్కసారికి ఒక్క బైటే ఇస్తుంది. అంటే ఏడాదికొకసారి ఎదురయ్యే అతి దురదృష్టకరమైన ముక్కల పంపిణీని ప్రతిసారీ, ప్రతి అక్షరానికీ తెచ్చి ముందు పెడుతుంది. ఇందులో నిలబడని పరీక్ష ఎక్కడ బలహీనంగా ఉందో మొదటి పరుగులోనే తెలిసిపోతుంది. దీనికి వ్యతిరేక దిశలో రీడ్‌మోర్ అని మరొకటి ఉంది. అది కాసేపు ఆగి, వచ్చిందంతా పోగుచేసి ఒకేసారి కుమ్మరిస్తుంది. కొన్ని పరీక్షలు ముక్కలకు తట్టుకుంటాయి, వరదకు తట్టుకోలేవు. ఒహాయో లోపం కోసం వెతికినవారు కోడ్‌లో ఆలస్యాలు చొప్పించి చేసిందీ, ఇక్కడ ఒక్కో బైటు పంచి చేస్తున్నదీ ఒకటే పని. అదృష్టం కోసం ఎదురుచూడకుండా దురదృష్టాన్ని చేత్తో తయారుచేయడం. ఏకకాల ప్రోగ్రాములను పరీక్షించే విద్యకు ఇదే మూలమని నా నమ్మకం.

అన్ని జాగ్రత్తల తర్వాత కూడా కొన్ని పరీక్షలు ఒకసారి నెగ్గి ఒకసారి ఓడుతుంటాయి. వీటి విషయంలో అంకెలు మన అంచనాకు అందవు. నూటికి ఒకసారి మాత్రమే ఓడే పరీక్ష ఉందనుకోండి. ఆ ఓటమిని కనీసం ఒకసారి చూస్తామని 95 శాతం నమ్మకం కలగాలంటే దాన్ని 299 సార్లు నడపాలి. పదిసార్లు నడిపి 'బాగానే ఉంది' అనడానికి విలువ లేదు. ఇంకో వైపు నుంచి చూస్తే, వెయ్యి పరీక్షలున్న సూట్‌లో ప్రతిదీ వెయ్యికొకసారి అకారణంగా ఓడితే, మొత్తం సూట్ పచ్చగా, అంటే ఒక్క ఓటమీ లేకుండా, రావడానికి అవకాశం 37 శాతమే. మూడింట రెండుసార్లు ఎక్కడో ఒక ఎర్ర గీత కనిపిస్తుంది. ఇది డీబగ్గర్ల బాధ మాత్రమే కాదు. తమ పరీక్షల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఇలాంటి నిలకడలేమి ఉందని గూగుల్ ఇంజినీర్లు 2016లో ప్రకటించారు.

నిజమైన ప్రమాదం ఆ ఎర్ర గీతకు అలవాటు పడటంలో ఉంది. "అది ఎప్పుడూ అంతే, మళ్ళీ నడుపు" అనే మాట ఏ బృందంలోనైనా వినిపిస్తుంది. మళ్ళీ నడిపితే పచ్చగా వస్తుంది, అందరూ ఇంటికి వెళ్తారు. థ్రెడ్ల పరీక్షలో అప్పుడప్పుడూ కనిపించే ఓటమి చాలాసార్లు పరీక్ష తప్పే, నిజమే. కానీ కొన్నిసార్లు అది డీబగ్గర్‌లోని అసలు తప్పు తన ఉనికిని చాటుకునే ఏకైక సందర్భం. ఈ రెంటినీ విడదీయకుండా మళ్ళీ నడపడమంటే సాక్ష్యాన్ని చెరిపేయడమే. అందుకే జీడీబీలో ఒకే పరీక్షను అనేకసార్లు నడిపి, ఫలితాలు మారిన వాటిని మాత్రమే ఏరి జాబితా ఇచ్చే ఏర్పాటు పెట్టారు. ఓటములకు వేర్వేరు ముద్రలూ ఉన్నాయి. కెర్నల్ వల్లో కంపైలర్ వల్లో వచ్చే ఓటమికి ఒక ముద్ర, డీబగ్గర్‌లోనే ఉన్నట్టు తేలి, నమోదై, ఇంకా సరిదిద్దని తప్పుకు మరో ముద్ర. ఆ ముద్ర వేయాలంటే తప్పు నమోదైన సంఖ్యను పక్కనే చూపాలి. కారణం తెలియకుండా, నోరు మూయించడానికి ముద్ర వేయడాన్ని నేను ఎప్పటికీ సమర్థించను.

ఒకే పరీక్షను వేర్వేరు రీతుల్లో నడపడం మరో మంచి అలవాటు. సూచనను కాపీ చేసే ఉపాయం ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి, నాన్‌స్టాప్‌లో ఒకసారి, అందరినీ ఆపే పద్ధతిలో ఒకసారి. డీబగ్గర్ వేరే చోట కూర్చుని జీడీబీ సర్వర్ ద్వారా మాట్లాడేటప్పుడు కూడా అవే పరీక్షలు నడుస్తాయి. మధ్యలో మరో ప్రోగ్రాము చేరడంతో కాలక్రమం మొత్తం మారిపోతుంది, కొత్త తప్పులు బయటికొస్తాయి.

థ్రెడ్ల క్రమాన్నే అదుపులోకి తీసుకునే ప్రయత్నాలూ సాగుతున్నాయి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మదన్ ముసువతి, షాజ్ ఖదీర్ తదితరులు చెస్ అనే పనిముట్టు తయారుచేసి 2008లో ప్రకటించారు. థ్రెడ్ల మార్పిడి ఎక్కడ జరగాలో ఆ పనిముట్టే నిర్ణయిస్తుంది, ఒకటి రెండు బలవంతపు మార్పిడులతోనే చాలా తప్పులు దొరుకుతాయని వారు చూపారు. 2010లో అదే దారిలో వచ్చిన యాదృచ్ఛిక పద్ధతి ఒక హామీ కూడా ఇచ్చింది. రెండు థ్రెడ్లు, వెయ్యి అడుగులు, రెండు క్రమ నియమాలు కలిసివస్తేనే బయటపడే తప్పు ఉంటే, ఒక్కో పరుగులో అది దొరకడానికి కనీసం 2,000లో ఒక వంతు అవకాశం ఉంటుంది. కోట్లాది క్రమాల సముద్రంలో ఇది చాలా పెద్ద హామీ. మొజిల్లాలో పుట్టిన ఆర్ఆర్ అనే డీబగ్గర్‌లో 2016 నుంచి కేయాస్ మోడ్ ఉంది. థ్రెడ్ల ప్రాధాన్యాలను కావాలని తారుమారు చేసి, తప్పు జరిగిన పరుగును యథాతథంగా రికార్డు చేసి, ఎన్నిసార్లయినా తిరిగి నడిపి చూపిస్తుంది. డీబగ్గర్‌ను పరీక్షించే విషయంలో మాత్రం పని ఇంకాస్త కష్టం. అక్కడ థ్రెడ్ల క్రమం ఒక్కటే కాదు, వాటి గురించి కెర్నల్ ఏ కబురు ఎప్పుడు చేరవేస్తుందన్నదీ క్రమంలో భాగమే. అందుకే బ్యారియర్లకూ, రీడ్‌వన్‌కూ, వందల పరుగులకూ ఇంకా పని ఉంది.

హైదరాబాద్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పే శిక్షణ కేంద్రాలు ఏళ్లుగా నడుస్తున్నాయి. తెలుగు నేల నుంచి ఎందరో ఆ చదువుతోనే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. అక్కడ నేర్పేది ఎక్కువగా వెబ్ పేజీల మీద బటన్లు నొక్కించే పరీక్షలు. వాటి అవసరం వాటికుంది. కానీ ఈ విద్య లోతు తెలుసుకోవాలనుకునే కుర్రకారుకు జీడీబీ పరీక్షల డైరెక్టరీ కంటే మంచి బడి దొరకడం కష్టం. అంతా ఉచితం, బహిరంగం. సోర్స్ దించుకుని, కంపైల్ చేసి, థ్రెడ్ల పరీక్షలను ఒకసారి నడపండి. అవే పరీక్షలను కంప్యూటర్‌కు బాగా పని పెట్టి మళ్ళీ నడపండి. రీడ్‌వన్‌తో మరోసారి నడపండి. మూడు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా ఒక్కటి కనిపించినా, మళ్ళీ నడిపి చెరిపేయకుండా, లాగ్ ఫైలుతో సహా జీడీబీ బగ్‌జిల్లాలో నమోదు చేయండి.